నాతో కొండెక్కిన ఆవిడ

నాతో కొండలెక్కే ఆవిడ స్కాట్లాండ్ మనిషి. నేను పనిచేసే హాస్పిటల్లోనే ఎక్స్‌రే విభాగంలో ఉంటుంది. భర్త పోయాడు, కొడుకు మాట్లాడడు. కారం బొత్తిగా తినలేదు. మోకాలు నొప్పి కాబట్టి దిగేటప్పుడు మెల్లగా దిగుతుంది. ఇదంతా మా ఆయనకు తెలుసు. నార్తాంప్టన్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసంలో అందరికీ తెలుసు. వాళ్ళకు తెలియనిదల్లా అలాంటి మనిషి ఎక్కడా లేదన్నదే. ఆవిడను నేనే పుట్టించాను.

పనిగట్టుకుని అల్లిన కథ కాదిది. మా వార్డువాళ్ళు కొందరు మంచు కొండల మీద నడక నేర్పే శిబిరానికి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. బూట్ల అడుగున ఇనుప పళ్ళు కట్టుకుని ఎలా అడుగు వేయాలో, జారితే చేతిలోని ఐస్ యాక్స్‌ను మంచులోకి గుచ్చి ఎలా ఆగాలో నేర్పారు. మిగతావాళ్ళు ఫొటోలు దిగి ఆ సంగతే మర్చిపోయారు. నాకు మాత్రం పిచ్చి పట్టుకుంది. ఒంగోలు ఎండల్లో పెరిగినదాన్ని, ఈ మంచు మీద ఇంత మోజు ఎక్కడినుంచి వచ్చిందో నాకే అర్థం కాలేదు.

అదీ ఒంటరిగానే వెళ్ళాలి. వార్డులో షిఫ్టంతా బెల్లు మోగుతూనే ఉంటుంది. ఇటు నర్స్, అటు నర్స్. ఇంటికొస్తే మా ఆయన కబుర్లు, శనివారం ప్రార్థన కూడిక, ఆదివారం చర్చి. అందరూ నావాళ్ళే, అందరూ ఇష్టమే. అయినా నన్నెవరూ పిలవని చోటు ఒకటి ఉంటే బాగుండుననిపించేది.

"వెళ్ళు, నేను వద్దన్నానా?" అన్నాడు మా ఆయన. "ఒంటరిగా మాత్రం వద్దు. తోడెవరైనా ఉన్నారా?"

"ఉందండీ. ఎక్స్‌రేలో ఒకావిడ," అనేశాను. నోటికి అంత సులువుగా వచ్చింది మరి. ఆ పూటకి గండం గడిచిందనుకున్నాను.

మా ఆయన ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, వంట నాకన్నా బాగా చేస్తాడు. నేను కొండకు బయల్దేరిన ప్రతిసారీ రెండు డబ్బాలు సర్దేవాడు. నాకు పులిహోర, కోడి వేపుడు. ఆవిడకు మిరపకాయన్నది తగలకుండా జీడిపప్పు పులావు. "పాపం, ఆవిడది మూత ఎర్రది, మార్చి ఇవ్వకు," అని జాగ్రత్త చెప్పేవాడు. కొండ మీద నేను రెండూ తినేదాన్ని. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆవిడ డబ్బాయే రుచిగా ఉండేది. ఇంటికి రాగానే ఆయన అడిగే మొదటి మాట, ఆవిడకు నచ్చిందా అని. చాలా నచ్చిందటండీ అనేదాన్ని.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన ఆవిడ గురించి అడుగుతూంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. అలా భర్త పోయాడు, మోకాలు వచ్చింది, కొడుకు దూరమయ్యాడు. మా ఆయన జాలిగుండె మనిషి, ఆ కొడుకు సంగతి ప్రార్థన కూడికలో చెప్పేశాడు. ఇక చూడండి, ప్రతి శనివారం మా పాస్టరమ్మ గారు ఆవిడ కోసం కన్నీళ్ళు పెట్టుకునేవారు. "తండ్రీ, ఆ సహోదరి కొడుకు మనసు మార్చు," అని పాస్టరమ్మ గారు ప్రార్థిస్తుంటే, నేను తల వంచుకుని కూర్చునేదాన్ని. చెవులు వేడెక్కిపోయేవి. కూడిక అయ్యాక ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఒకసారి భోజనానికి తీసుకురామ్మా," అనేవారు. డ్యూటీల రోటా కుదరడం లేదండీ అని చెప్పేదాన్ని. మా ఉద్యోగాల్లో రోటా అన్నాక ఇంకెవరూ మారు మాట అడగరు.

కిందటేడు ఈస్టర్ అయిన వారం వరసగా సెలవులొచ్చాయి. రైలెక్కి స్కాట్లాండ్ కొండల దగ్గరి ఏవీమోర్ వెళ్ళి హాస్టల్లో దిగాను. తెల్లారి బయల్దేరేముందు మా ఆయనకు ఫోన్ చేసి ఎటు ఎక్కుతామో, ఎటు దిగుతామో చెప్పాను. "సాయంత్రం నాలుగింటికల్లా కిందికొచ్చి ఫోన్ చేస్తాం," అన్నాను. చేస్తాం అని.

ఆ ఉదయం గురించి అబద్ధం చెప్పలేను, నా బతుకులో అంత మంచి ఉదయం ఎక్కువసార్లు రాలేదు. లోయలో చెట్లు అప్పుడే చిగురేస్తున్నాయి. పైకి వెళ్ళేకొద్దీ మంచు గట్టిపడి, అడుగు వేసినప్పుడల్లా అప్పడం విరిగినట్టు చప్పుడవుతోంది. మొదటి శిఖరం మీద నిలబడితే ఎటు చూసినా తెల్లటి కొండలే. తెల్ల ఈకల పక్షి ఒకటి, వసంతం వచ్చిందని సగం గోధుమరంగుకు మారి, నన్ను చూసి కూడా కదలకుండా కూర్చుంది. రెండో శిఖరానికి వెళ్తూ గొంతెత్తి కీర్తన పాడుకున్నాను. వినేవాళ్ళు లేరు, శ్రుతి తప్పినా అడిగేవాళ్ళు లేరు. మూడో శిఖరం మీద రాళ్ళ చాటున కూర్చుని రెండు డబ్బాలూ ఖాళీ చేశాను.

మూత పెడుతుండగానే మబ్బు కమ్మింది. కాసేపట్లో నేలా ఆకాశమూ ఒకటే తెలుపైపోయి, నా బూట్లు తప్ప ఏమీ కనపడలేదు. చలికి ఫోన్ చచ్చిపోయింది. కంపాస్ పట్టుకుని మెల్లగా నడిచాను. కొండ అంచుల్లో గాలికి పేరుకున్న మంచు ముందుకు వేలాడుతూ ఉంటుంది, కింద ఏమీ ఉండదు. ఆ భయంతో దూరదూరంగా జరుగుతూ జరుగుతూ దారి తప్పాను. మబ్బు కిందికి వచ్చి చూస్తే నేనెక్కిన లోయ కాదది, కొండకు అవతలి వైపు. మళ్ళీ పైకెక్కడం ఒట్టి మూర్ఖత్వం. వాగు పక్కనే కాలిబాట ఉంది. ఎంత దూరమైనా రోడ్డుకు చేరుతుంది. ప్రాణభయం తీరిపోయింది.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. నాలుగు ఎప్పుడో దాటింది. మా ఆయన ఈపాటికి పోలీసులకు ఫోన్ చేసే ఉంటాడు. ఇద్దరు ఆడవాళ్ళు కొండ మీద తప్పిపోయారని చెప్పి ఉంటాడు. ఈ దేశంలో కొండల మీద వెతికేవాళ్ళు జీతగాళ్ళు కారు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. బడిలో పాఠాలు చెప్పేవాళ్ళు, పైపులు బాగుచేసేవాళ్ళు, ఫోన్ రాగానే అన్నం ముందునుంచి లేచి వస్తారు. పరిగెత్తబోయి వాగులో పడ్డాను. లేచి మళ్ళీ నడిచాను.

పొద్దుగూకుతుండగా, బాట వెడల్పైన చోట, ఎదురుగా వెతికేవాళ్ళ బండి వచ్చింది. ఎర్ర జాకెట్లు వేసుకున్న ఒకామె, ఒకాయన దిగి నా దగ్గరకు పరిగెత్తుకొచ్చారు. ఆమె నా పేరు అడిగి, నా భుజాల మీద దుప్పటి కప్పి, "మీ స్నేహితురాలు ఎక్కడ?" అంది.

చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. వచ్చింది కానీ నా పాడు నోరు అలవాటైన దారినే పోయింది. "ఆవిడ ముందే దిగిపోయింది," అన్నాను.

"ఎటువైపు?"

"తెలియదు. మబ్బులో విడిపోయాం."

ఆమె రేడియోలో ఎవరితోనో మాట్లాడి నా వైపు తిరిగింది. "భయపడకండి. ఆమె మోకాలి గురించి మీ భర్త చెప్పారు. నొప్పితో ఎక్కువ దూరం నడవడం కష్టం కాబట్టి దగ్గరి దారిన దిగబోయి ఉంటుందని అనుకుంటున్నాం. మావాళ్ళు నలుగురు ఆ దారిలో కొండ అంచు కిందే వెతుకుతున్నారు. మధ్యాహ్నం నుంచి మంచు మెత్తబడింది, అందుకని కాస్త మెల్లగా వెళ్తున్నారు."

కబుర్లకోసం నేను తగిలించిన మోకాలు. దాన్ని నమ్మి నలుగురు మనుషులు వేలాడే మంచు కింద నడుస్తున్నారు.

"ఎవరూ లేరు," అన్నాను. "నేనొక్కదాన్నే వచ్చాను. ఆవిడ లేనే లేదు. వాళ్ళను కిందికి రమ్మనండి."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె నా మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. ఇవాళ ఏ వారం, ఎక్కడున్నారు అని మెల్లగా అడిగింది. చలి ముదిరితే మనుషులు ఏదేదో మాట్లాడతారు. నా వార్డులో తడిసి ముద్దయిన మనిషి వచ్చి ఇలా అంటే నేనూ నమ్మను. ఎంత చెప్పినా, "సరే, సరే, ముందు వెచ్చగా కూర్చోండి," అన్నారు. బండి రోడ్డెక్కినా నలుగురూ ఇంకా అక్కడే వెతుకుతున్నారు.

ఆ వెతికేవాళ్ళ హాల్లో ఉన్న పోలీసాయన అప్పటికే మా ఆయనతో ఫోన్లో ఉన్నాడు. నేను చెప్పింది మా ఆయనకు చేరింది, ఆయన ఒప్పుకోలేదు. నా భార్య షాక్‌లో ఉంది, ఆవిడ ఉంది, ఇవాళ కూడా కలిసే వెళ్ళారు, దయచేసి ఆపకండి అని బతిమాలాడట. పోలీసాయన ఫోన్ నా చేతికిచ్చాడు.

"బాగున్నావా? దెబ్బలేమన్నా తగిలినయ్యా?"

"బాగున్నానండీ."

"దేవునికి స్తోత్రం. మరి ఆవిడ? నువ్వేదో అంటున్నావని చెప్తున్నారు. నేను మాత్రం వెతకడం ఆపొద్దని గట్టిగా చెప్పాను. నువ్వు కంగారుపడకు. ఇక్కడ అందరూ వచ్చేశారు, పాస్టరమ్మ గారు సాయంత్రం నుంచి మోకాళ్ళ మీదే ఉన్నారు."

ఆయన వెనక ఆడవాళ్ళు ప్రార్థన చేస్తున్న సందడి వినపడుతోంది. తెలిసిన గొంతులే అన్నీ.

"ఏమండీ, నేను బాగానే ఉన్నాను, తెలివిలోనే ఉన్నాను. ఆవిడను నేనే కల్పించాను. మీరు ఒంటరిగా వద్దన్నారని. మొదటినుంచీ నేనొక్కదాన్నే వెళ్తున్నాను. మీరు ఔననకపోతే వీళ్ళు ఆపరు, పైన నలుగురున్నారు."

ఆయన పక్క గదిలోకి వెళ్ళినట్టున్నాడు, ప్రార్థన సందడి దూరమైంది.

"మరి నేను పంపిన డబ్బాలు?" అన్నాడు.

"నేనే తిన్నానండీ."

"పోలీసాయనకు ఫోనివ్వు," అన్నాడు.

నలుగురూ కిందికొచ్చారు. ముగ్గురు బాగానే ఉన్నారు. నాలుగో ఆయన మంచు మీద జారి చెయ్యి గుండెకు ఆనించుకుని వచ్చాడు. చూడగానే తెలిసింది, మణికట్టు విరిగింది. నేను నర్సునని చెప్పి దగ్గరకు వెళ్ళాను, వేళ్ళు కదపమన్నాను, దొరికిన గుడ్డతో కట్టు కట్టాను. "థాంక్యూ," అన్నాడు. ఎవరికోసం విరగ్గొట్టుకున్నాడో అప్పటికే అతనికి చెప్పారు. అయినా అన్నాడు. పళ్ళు రాలేలా కొట్టి ఉంటే హాయిగా ఉండేది నాకు.

నార్తాంప్టన్ స్టేషన్‌కు మా ఆయన వచ్చాడు. "తిన్నావా?" అని అడిగాడు, అంతే. కారులో మాట లేదు, ఇంట్లో మాట లేదు. తట్టుకోలేక, తిట్టండి, నాలుగు దులపండి అని నేనే మొదలుపెట్టాను.

"ఆ రాత్రి ఇల్లంతా మనుషులు," అన్నాడు సింకులో గిన్నెలు కడుగుతూనే. "ఏడ్చి ఏడ్చి ఉన్నారు. వాళ్ళకేం చెప్పమంటావు? మా ఆవిడ నన్ను ఇన్నాళ్ళూ మోసం చేసిందని చెప్పనా? ఇద్దరూ దొరికారన్నాను."

ఆయన సంగతి మీకు తెలియదు. తలుపు కొట్టిన సేల్స్ మనిషిని వదిలించుకోవడానికి కూడా ఇంట్లో లేనని చెప్పించని మనిషి. చిన్న అబద్ధం చెప్పబోయినా ముందు మొహం చెప్పేస్తుంది. అలాంటివాడు ఆ రాత్రి మా ఇంటి హాల్లోకి వెళ్ళి అంతమంది ముందు, నా పరువు కోసం, ఆ మాటన్నాడు.

ఆదివారం చర్చిలో పాస్టర్ గారు కృతజ్ఞత కూడిక పెట్టారు. రాత్రంతా ఒకటే అనుకున్నాను, లేచి నిజం చెప్పేస్తాను, ఏమనుకుంటే అనుకోనీ అని. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు నా పేరు పిలిచారు. నేను సగం లేచాను. మా ఆయన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి తనే ముందుకు వెళ్ళాడు. నేల చూస్తూనే మైకు అందుకున్నాడు. పాస్టరమ్మ గారు అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నారు.

"కొండ మీద ఇద్దరి ప్రాణాలు కాపాడిన దేవునికి స్తోత్రం," అన్నాడు. గొంతు వణికింది. అందరూ అది సంతోషమనుకున్నారు.

వచ్చి నా పక్కన కూర్చున్నాడు, నా వైపు చూడలేదు. అప్పుడైనా నేను లేవొచ్చు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.