ఎక్స్‌రే గది తలుపు మీది తెలుగు వరస

పోయిన ఆదివారం మా బంగారు గనుల ఊరు కోరమండల్‌లో ఎక్స్‌రే సారు పోయారు. టీ అంగడిలో విన్నాను. చెప్పినవాడు నేను నమ్మననుకుని రెండుసార్లు చెప్పాడు. ఊళ్లో దొంగ కబుర్లు పుట్టించే పని ఎప్పుడూ నాదే. ఈసారి ఎదుటివాడు అబద్ధమాడితే బాగుండనిపించింది.

సారు వయసులో ఉన్నప్పుడు గని కార్మికుల ఊపిరితిత్తుల ఫోటోలు తీసేవారు. గనులు మూతపడ్డాక ఒక స్కానింగ్ సెంటర్లో చేరారు. నేనోసారి ఛాతీ ఎక్స్‌రేకి పోయి, బనియన్ లోపల సైకిల్ నట్టు అతికించుకున్నాను. ఆయన ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "బుర్రలోది జారి ఈడికొచ్చిందప్పా" అని, మొహం మార్చకుండా ఇంకోటి తీశారు.

ఆడవాళ్లొస్తే ముందు ఒకటే అడిగేవారు: "బయట చేరి ఎన్నాళ్లాయెనమ్మా?" మా వైపు నెలసరికి అదే మాట. ఆ మూడు రోజులూ ఆడవాళ్లు వంటింట్లోకి రారు.

ఎనిమిదేళ్ల కిందట నా భార్యకు కడుపునొప్పి మెలిపెట్టింది. కిడ్నీలో రాయేమోనని డాక్టరు సీటీ స్కాన్ రాశారు. సారు అడిగింది ఆమెను. ఆమె నోరు తెరిచేలోపే నేను, "పోయిన వారమే సార్. మూడు దినాలు నా వంట నేనే తిని బతికినాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె తల దించుకుంది. నేను వండుకున్న మాట నిజమే, ఆమె టేకల్‌లోని పుట్టింటికి పోయినందుకు. నాకు నవ్వు కావాలి, తేదీ ఎవరిక్కావాలి?

మూడు వారాలకు తెలిసింది, స్కాన్ నాటికే కడుపు నిలిచిందని. పెళ్లయిన తొమ్మిదేళ్లకు మొదటిసారి. ఆ కిరణాలు తగిలి బిడ్డ వంకరగా పుడుతుంది, తీయించేయమంది మా అమ్మ. వీధిలో ప్రతివాడూ డాక్టరే. నా భార్య ఏడవలేదు, స్కాన్ చీటీ తీసుకుని గడప దాటింది.

సారు దగ్గరికి పోయాం. తిడతారనుకున్నాను. "తప్పు నీదొకటే కాదప్పా. ఆయమ్మ నోట వినకనే మీట నొక్కినాను" అన్నారు. మెషిన్లో దాచిన ఆనాటి స్కాన్ తీసి, కిరణం ఎంత వదిలిందో, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా పోయిందో రాసుకున్నారు. దర్జీ టేపు ఇచ్చి నర్సుతో ఆమె నడుము కొలిపించారు. సన్నటి మనిషికి లోపల ఇంకాస్త ఎక్కువ తగులుతుందట. "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా తేదీ." చెప్పింది. ఆ కాగితాన్ని బెంగళూరులో ఈ లెక్కలు కట్టేవాళ్లకు పంపారు. "భయానికి కొలత లేదమ్మా, దీనికి ఉండాది" అన్నారు.

ఐదోనాడు పిలిపించారు. దారిలో ఒక జోకు కోసం వెతుక్కున్నాను, దొరకలేదు.

"బిడ్డకు ఏమీ తగల్లేదని నేను చెప్పను," అన్నారు ఆమెతోనే. "తగిలింది భయపడాల్సిన గీతకు శానా కింద ఉండాది. ఇందుకోసరం తీయించుకునే పని లేదని వాళ్లు రాసినారు, కాన్పుల డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. ఏ బిడ్డకైనా ఉండే భయం ఎట్లాగూ ఉంటాది. దానికి నా దగ్గర లెక్క లేదు."

"ఉంచుకుంటా సార్" అంది. నన్నడగలేదు.

మర్నాడు ఎక్స్‌రే గది తలుపు మీద, కడుపుతో ఉంటే ముందే చెప్పమనే కన్నడ నోటీసు కింద, సారు చేత్తో ఒక తెలుగు వరస రాశారు: 'తేదీ ఆడమనిషే చెప్పల్ల. మగోడు నోరు మూసుకోవల్ల.'

మా పాపకు ఇప్పుడు రెండో తరగతి. మొన్న దాన్ని వెంటబెట్టుకుని అక్కడికి పోయాను. అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. నర్సు దగ్గర స్కెచ్ పెన్ను అడిగి దిద్దడం మొదలుపెట్టాను. పిల్లది కన్నడ మీడియం, తెలుగు చదవడం రాదు. "ఏం రాసుండాది నాన్నా?" అంది. చదివి వినిపించాను.

"ఎవురు నాన్నా ఆ మగోడు?"

లోపల నర్సు ఎవరినో అడుగుతోంది, "బయట చేరి ఎన్నాళ్లాయెనమ్మా?" నేను నోరు మూసుకుని చివరి ఒత్తు దిద్దుతున్నాను.