ప్లాస్టిక్ షీటు కింద చెమ్మ

ఎవరికీ చెప్పని మాటొకటి ఏళ్ల తరబడి గొంతులోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో మా అక్క భర్తా నేనూ కలిసి గచ్చులకు పూతలు వేసేవాళ్లం. ఆయన నాకు బావ, నేనూ ఆయనకు బావనే. కంచరపాలెంలో కొత్తగా కట్టిన కార్ల రిపేరు షెడ్డు మా మొదటి సొంత కాంట్రాక్టు. యజమాని మామూలు ఎర్ర రంగు చాలన్నాడు. ఆయిల్ పడి, జాకీలు ఈడిస్తే అది నాలుగు నాళ్లు కూడా ఆగదని, రాయిలా గట్టిపడే ఎపాక్సీ పూతే వేయాలని పట్టుబట్టింది నేనే. గొప్ప కోసం.

పూతకు ముందు గచ్చు మీద ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులకు టేపు అంటించి, మర్నాటిదాకా వదిలేస్తాం. కింద చెమ్మ కనబడితే పూత నిలవదు. ఆ పొద్దున బావ ఇంకా రాలేదు. షీటు ఎత్తి చూస్తే అడుగున నీటి బొట్లు. షెడ్డు ముహూర్తం దగ్గరపడింది, యజమాని పిలుపులు కూడా అయిపోయాయి. ఆగుదామంటే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాడేమోనని భయం. భుజం మీది తువ్వాలుతో ఆ బొట్లు తుడిచేశాను. అంతలో బావ వచ్చాడు.

"ఆరిందేటి బావా?"

"ఆరిపోనాది. కలిపీ."

రంగులో హార్డెనర్ కలపడం ఎప్పుడూ బావ పనే. పాళ్లు తప్పితే పూత గట్టిపడదని ఎంత శ్రద్ధగా కలిపేవాడో! వానలు పడగానే పూత అప్పడంలా పొంగి, పొరలు పొరలుగా లేచిపోయింది. యజమాని నోటికొచ్చినట్టు తిట్టాడు. బావ తన చేతులకేసి చూసుకుంటూ నన్నడిగాడు.

"హార్డెనర్ తక్కువ ఏసీసినానేటి బావా?"

అప్పుడు నిజం చెప్పేస్తే ఏం పోయేది? పరువా? అది ఎలాగూ పోయిందిగా! తేలు కుట్టిన దొంగలా నిలబడి, "అయ్యుంటాది" అన్నాను.

బావ మళ్లీ రంగు డబ్బా ముట్టలేదు. పోర్టులో సరుకు మోసే కలాసీగా చేరాడు. నేను అదే పనిలో పైకొచ్చాను. ఛీ, ఏం బతుకు నాది! మొన్న మా గేటుకు రంగు వేస్తూ బావను కాస్త కలపమన్నాను.

"నా సెయ్యి మంచిది కాదు, నువ్వే కలుపుకో బావా," అని నవ్వాడు.

నేనే కలుపుకున్నాను, అప్పుడు కూడా నిజం చెప్పలేదు. ఎందుకు? అక్క ముఖం చూడలేననా, బావ తిడతాడనా? తిట్టడు. పోనీలే అంటాడు. నేను తట్టుకోలేనిది అదే. మీరు నన్ను ఓదార్చొద్దు. ఎవరో ఒకరు ఇది విన్నారు, ఈ పూటకు నాకది చాలు.

గచ్చు తడిగానే ఉంది. బావ పాళ్లు సరిగానే కలిపాడు.