ఆదివారం ఉప్పు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. నాకు బడి లేదు, ఆయన వెనకే తిరిగేదాన్ని. ఉప్పు ఎంత కట్టిందో చూద్దామని ఒకరోజు కర్రతో మడంతా కెలికాను. పెళ్లలు చితికి, చివరికి ఇసుకలాంటి పొడి మిగిలింది. ఆ పొడి కొనేవాళ్లు లేరు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. మడి మూలన చాపంత చోటుకి గట్టు వేసి, ఇది నీదన్నాడు.

"కెలకమాక. దాని మానాన దాన్ని కట్టనీ."

నాలుగు రోజులు చేతులు కట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. అంత కష్టమైన పని మళ్లీ చెయ్యలేదు. ఐదోరోజుకి పటికబెల్లం ముక్కలంత రాళ్లు కట్టాయి.

అదంతా మళ్లీ గుర్తుకొచ్చింది రెండువేల నాలుగులో, షెఫీల్డ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు. ఏడేళ్ల మనవరాలు చదువులో వెనకబడిందని స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. ఇక రోజూ గొడవే. పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కునేలోపే తల్లి మాట అందించేసేది. పుస్తకం చూస్తే చాలు, పిల్ల బిగుసుకుపోయేది.

సెలవులకి స్కాట్లాండ్‌లో సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరికి వెళ్లాం. ఒకప్పుడు అక్కడ సముద్రపు నీళ్లు ఇనుప తొట్లలో పోసి, బొగ్గు మంట మీద కాచి ఉప్పు తీసేవాళ్లట. నాకు నవ్వొచ్చింది. ఎండ లేని చోట పాపం ఇంకేం చేస్తారు? ఇప్పుడు మొండిగోడలే ఉన్నాయి, పక్కన ఒక బోర్డు. నాకు తెలుగు అక్షరాలే యాభై దాటాక వచ్చాయి, ఇంగ్లీషు రానే రాదు. ఏం రాశారో చెప్పమని మనవరాల్ని అడిగాను. మా అమ్మాయి నోరు తెరవబోయింది.

"కెలకమాక," అన్నాను.

అమ్మాయికి కోపం వచ్చింది గానీ ఆగింది. ఈదురుగాలిలో పిల్ల అక్షరాల మీద వేలు పెట్టి నడిపింది. రెండుసార్లు వెయిట్ అమ్మమ్మా అంది. ఆగాను. వారమంతా మంట ఎగదోసి మరిగిస్తే ఉప్పు సన్నగా వచ్చేదట. ఆదివారం అందరూ చర్చికి పోతే పొయ్యి చల్లారేదట. ఎవరూ ముట్టని ఆ తొట్టిలో పెద్ద పెద్ద రాళ్లు కట్టేవట. ఆ రాళ్ల ఉప్పుకే గిరాకీ అట.

"సండే ఎవరూ టచ్ చెయ్యలేదు అమ్మమ్మా. అందుకే బిగ్ సాల్ట్," అంది పిల్ల.

అని ఊరుకోలేదు. అవతల ఇంకో బోర్డు ఉందని నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

ఈనాటికీ ఎవరైనా చదువుతూ తడబడితే నా నోటికి మాట వచ్చేస్తుంది. చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఇప్పటికీ కష్టమే.