మామూలంటే ఎట్లున్నది?

మా సార్ పోయారని భూపాలపల్లి అన్న ఫోన్ చేశాడు. "సార్ లేడు చెల్లే. పొద్దుగాల నమాజుకు లేవలేదంట" అన్నాడు. మహబూబాబాద్ ఆఫీసు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఏడవడానికైనా పక్కన మనిషి లేడు.

మాది ఇంటర్నెట్ లైన్లిచ్చే చిన్న సంస్థ. జనగామలో సార్, భూపాలపల్లిలో అన్న, ఇక్కడ నేను. ఎవరైనా దొంగ రద్దీ పంపి ఏదైనా సర్వర్‌కు ఊపిరాడకుండా చేస్తున్నారా అని, లైన్ల రద్దీని చూపే తెర మీది గీతల్లో కనిపెట్టడం మా పని.

రోజూ పదింటికి సార్ ఫోన్ చేసేవారు. అవే గీతలు ఆయన ముందూ ఉండేవి. అయినా నా నోటితో చెప్పించేవారు. "మామూలే సార్" అంటే వదిలేవారు కాదు. "మామూలంటే ఎట్లున్నది? నువ్వు చెప్తెనే నువ్వు చూసినట్టు బిడ్డా." మామూలు తెలియకపోతే దాడి కనపడదని ఆయన పట్టుదల. నాకేమో మహా విసుగు.

చేరిన కొత్తలో ఒక దవాఖాన సర్వర్ మీద దాడి జరిగింది. రద్దీ పంపుతున్న చిరునామా మరిపెడలోని ఒక కాలేజీది. ఘనకార్యం చేస్తున్నాననుకుని ఆ కాలేజీ లైను ఆపేశాను. దాడి ఆగలేదు. పిల్లల పరీక్ష దరఖాస్తులు మాత్రం ఆగిపోయాయి, ఆ రోజే ఆఖరు. సార్ తిట్టలేదు. "పేరు ఎవడైనా పెట్టుకుంటడు. ఏ తొవ్వల వచ్చిందో చూడు" అన్నారు. ఒక్కో రూటర్‌నూ వెనక్కి చూసుకుంటూ పోతే, ఎవరో కాలేజీ చిరునామా దొంగగా పెట్టుకుని పంపుతున్న ఆ రద్దీ, జనగామలో బయటి నుంచి వచ్చే లైను దగ్గర దొరికింది. అక్కడ ఆపించి, కాలేజీ లైను తెరిపించారు. దరఖాస్తులు సాయంత్రానికి ఎలాగో వెళ్ళాయి. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సులో మరిపెడ వెళ్ళి, ప్రిన్సిపాల్ ముందు "తప్పు నాది" అన్నారు. నా పేరెత్తలేదు.

చివరి రోజు కూడా పదింటికే చేశారు. ఏదో పనిలో ఉండి "మామూలే సార్" అన్నాను.

"మామూలంటే?"

"జర ఆగుండ్రి సార్, మల్ల చేస్త."

"సరే బిడ్డా, ఈడనే ఉంట."

చేయలేదు. మరిచిపోయాను. ఈ తప్పు ఎవరి ముందు ఒప్పుకోవాలో తెలియడం లేదు.

ఇప్పుడు రిపోర్టు మెయిల్లో పంపితే చాలు. పదింటికి ఫోన్ మోగదు. తెర ముందు నిలబడి నేనే పైకి చెబుతాను. "పెద్దవంగర గీత నిమ్మళంగ లేస్తున్నది సార్. బయ్యారంల కరెంటు పోయినట్టున్నది, పడి మల్ల లేసింది. జనగామ మామూలే."

అక్కడ కాసేపు ఆగుతాను, అడుగుతారేమోనని.