రెప్ప వెయ్యని కమిటీ

మా సుందరి పిన్ని ఫీనిక్స్ బే జెట్టీలో, దీవుల మధ్య తిరిగే ఓడలకి టికెట్లు ఇచ్చేది. ఒక్క టికెట్ చింపేలోగా ఆమె కుడి భుజం రెండుసార్లు ఎగిరేది, గొంతులోంచి "హుక్" అని శబ్దం వచ్చేది. క్యూలో కొత్తవాళ్ళు ఏమైంది దీదీ అని కంగారుపడితే, ఇంజన్ స్టార్టయింది, పరిగెత్తండి అనేది. డిగ్లీపూర్ వెళ్ళే పాతవాళ్ళు ఆ శబ్దం వినబడకపోతే పిన్ని సెలవులో ఉందనుకునేవారు.

ఏడేళ్ళప్పుడు మొదలైందట. దెయ్యమన్నారు, పొగరన్నారు, బడిలో బెంచీ ఎక్కించారు. ముప్పై దాటాక మద్రాసు నుంచి వచ్చిన ఒక డాక్టరు దాని పేరు టూరెట్ సిండ్రోమ్ అని చెప్పాడు. అది మెదడు చేయించే పని, చెడలవాటు కాదు, కంగారుపడితే ఎక్కువవుతుంది అన్నాడు. ఆ సాయంత్రం పిన్ని బతు బస్తీలో మా వీధంతా జిలేబీలు పంచింది. జబ్బుకి పేరు దొరికిందని స్వీట్లు పంచిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తొంభై ఆరులో చర్చిలో తగువొచ్చింది. మా తెలుగు సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు, ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు. ఐదో మాట, "దప్పిగొనుచున్నాను" అన్నది, తనకిమ్మని పిన్ని పన్నెండేళ్ళుగా అడుగుతోంది. సంఘపెద్ద కృపానందం గారికి భయం, అంత నిశ్శబ్దంలో "హుక్" అంటే పిల్లలు నవ్వుతారని. మంచివారే గానీ ఉత్త మొండిఘటం. కమిటీ ముందు, ఆ ఒక్క పూట ఆపుకోలేవా అమ్మా అన్నారు. తోడు వెళ్ళిన నాకు ఒళ్ళు మండింది. పిన్ని మాత్రం తాపీగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆపుకుంతాను పెద్దన్నా. నాను ఆపుకుని సదివినంతసేపూ మీరు రెప్ప ఎయ్యకండి. బస్, అంతే."

ఐదుగురు పెద్దలూ కళ్ళు విప్పుకుని కూర్చున్నారు. పిన్ని కాగితం తీసి ప్రసంగం చదవసాగింది. భుజం కదల్లేదు. అరనిమిషానికే కార్యదర్శి ఏలీయా ఓడిపోయాడు. నిమిషం తిరక్కుండా అందరి కళ్ళల్లోంచీ నీళ్ళు ధారకట్టాయి. సరిగ్గా అప్పుడే పాస్టరు గారు లోపలికొచ్చారు. కాగితం పట్టుకున్న పిన్నినీ, చెంపలు తుడుచుకుంటున్న పెద్దల్నీ చూసి కరిగిపోయారు. ఇంతమందిని కదిలించిన ప్రసంగం దొరికాక ఇంకేం కావాలి, ఐదో మాట సుందరమ్మదే అని అక్కడికక్కడే చెప్పేశారు.

నాకు నవ్వాగలేదు, బైబిలు అడ్డం పెట్టుకున్నాను. కృపానందం గారు నిజం చెబితే పిన్ని పన్నెండేళ్ళ కోరిక గంగలో కలిసినట్టే. ఆయన లేచి నిలబడ్డారు. పిన్ని భుజం ఒకదాని వెంట ఒకటిగా నాలుగుసార్లు ఎగిరింది.

"అది ఏడుపు కాదండి అయ్యగారూ. ఏక్ మినట్ రెప్ప ఆపలేకపోనాం. ఈ పిల్ల సిన్నప్పట్నించీ ఆపుకుంతంది. దీనికే ఇయ్యండి," అన్నారు కృపానందం గారు.

గుడ్ ఫ్రైడే నాడు పిన్ని పావుగంట మాట్లాడింది. మధ్యలో మూడుసార్లు "హుక్" అంది. మొదటిసారి వెనకెవరో కిసుక్కుమన్నారు. ముందు వరసలో ఉన్న కృపానందం గారు మెల్లగా వెనక్కి తిరిగి, పిన్ని ప్రసంగం అయ్యేదాకా వాళ్ళవంక రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చున్నారు.