జోగయ్యగారి శనివారం లెక్క

డాక్టర్ జోగయ్యగారికి ఒకటే పిచ్చి. ప్రపంచంలో ఎవరైనా పరిశోధన వ్యాసం రాస్తే, దాని అడుగున ఆయన వ్యాసాన్ని పేర్కొన్నారా లేదా అని ప్రతి శనివారం లెక్క తేలాలి. లెక్క కావలసింది ఆయనకు. తేల్చవలసింది నేను.

బెంగళూరులో ఓ వైద్య పరిశోధన సంస్థలో నేను లైబ్రరీ అసిస్టెంటుని. పేరు ఓంకార్, ఊరు హిందూపురం. తొంభైల్లో కంప్యూటర్ వెతుకులాట ఎక్కడిది? ఎవరి వ్యాసాన్ని ఎవరు పేర్కొన్నారో చెప్పే ఇటుకల్లాంటి ఇండెక్సు సంపుటాలు, చీమ తలకాయంత అక్షరాలు. అందులో ఒక్కో వ్యాసం మొదటి రచయిత పేరు కిందే దొరుకుతుంది. నిచ్చెనెక్కి దింపడం, భూతద్దం పట్టడం, మళ్లీ ఎక్కించడం. ముప్పై ఐదేళ్లకే నా మోకాళ్లు అరిగిపోయాయి.

ఆయన పరిశోధన రోగనిరోధక శక్తి మీద. చిక్కపేట బట్టల కొట్లలో మూటలు మోసే హమాలీలకు ఆయాసం ఎందుకొస్తుంది? నూలు దుమ్మును శత్రువనుకుని ఒళ్లు దాని మీద తిరగబడుతుంది. ఈ సంగతి తేల్చడానికే ఆయన జుట్టు నెరిసింది.

ప్రతి శనివారం ఊరి చివర కె.ఆర్.పురం నుంచి రెండు బస్సులు మారి, చెమటతో వచ్చి కూలబడేవారు.

"ముందు సమీనా పేరు కింద చూడప్పా. ఎన్ని ఉండాయి?"

సమీనా ఆయన శిష్యురాలు. మొదటి పేరు ఆమెది, వెనక ఈయనది ఉంటుందనుకున్నాను.

"ఈ వారం సున్నా సార్."

"సున్నా అంటే చదవలేదని కాదప్పా. చదివి దాచుకోనుండారు."

ఇంకో వారం అన్నాను, "ఒకాయన ఉదహరించాడు సార్. కానీ ఇదంతా తప్పని రాశాడు."

"తప్పనేదానికైనా చదివినాడు కదప్పా! వేసుకో ఒకటి."

నా పెళ్లికొచ్చి అక్షింతలు వేసి, చెవిలో అడిగారు: "సోమవారం వస్తావా? రెండు సంపుటాలు మిగిలిపోయినాయి."

ఇలా పదేళ్లు. 2004లో ఆయన ఎదురుచూస్తున్న ప్రొఫెసర్ పోస్టు ఖాళీ పడింది. ఉదహరింపులు కనీసం నూట యాభై ఉండాలన్నారు. అప్పటికి కంప్యూటర్ వచ్చింది. ఇక నా మోకాళ్లు బతికాయనుకుని ఆయన పేరు కొట్టాను. అరవై ఒకటి. సమీనా వ్యాసం ఒక్కదానికే రెండు వందల పద్నాలుగు. తెరిచి చూస్తే దాని మీద రెండే పేర్లు: సమీనా, రక్తం నమూనాలు తీసిన నర్సు మల్లమ్మ.

"కంప్యూటర్ తప్పు చూపిస్తోంది సార్. మీ పేరు లేదు."

"కంప్యూటర్ది తప్పు కాదప్పా. నేనే తీసేయించినా."

"ఎందుకు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా పేరుంటే సమీనా ఉద్యోగం ఇంటర్వ్యూలో ఆ పని నాదే అంటారు. నేనే పది కమిటీల్లో కూర్చోని ఎంతమంది పిల్లల్నో అట్లనే అన్నాను. ఈయమ్మకు అట్ల కాకూడదనుకున్నా. అడిగితే ఊరికే తీసెయ్యనిస్తుందా? నాకు ఆ వ్యాసం మీద నమ్మకం లేదన్నా. ఏడ్చుకుంటా పోయింది. మళ్లీ ఈ దిక్కు రాలేదు."

సమీనా ఊళ్లోనే ఓ మెడికల్ కాలేజీలో పనిచేస్తోంది. జోగయ్యగారు అరవై ఒకటితోనే దరఖాస్తు పంపారు. నెల రోజులు ఊగిసలాడి, ఆయనకు చెప్పకుండా ఆమెకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఈ ఉద్యోగంలో నేను నిచ్చెనెక్కకుండా చేసిన మంచి పని అదొక్కటే.

ఆ శనివారం ఆమె తుఫానులా వచ్చింది.

"పదేళ్లు సార్! నా పని మీకు వేస్ట్ అనిపించిందని పదేళ్లు లోపలే ఏడ్చాను! మీరేమో వారం వారం లెక్కపెడుతున్నారా?"

జోగయ్యగారు పత్రిక చాటుకు దూరారు. "మెల్లగమ్మా. ఇది లైబ్రరీ."

"నమ్మకం లేదన్నారు కదా, ఇప్పుడు చెప్పండి. అందులో తప్పేముంది?"

ఆయన పత్రిక దించి అన్నారు: "తప్పేమీ లేదు. కానీ మూడో పట్టికలో ఇంకో పదిమంది హమాలీలు ఉండాల్సింది."

"పదిమందా? అప్పుడు ఎవరు వచ్చారు సార్ సూది పొడిపించుకోవడానికి!"

ఇద్దరూ మూడో పట్టిక గురించి కొట్లాడుకుంటూ క్యాంటీనుకు వెళ్లారు. మూడు గంటల తర్వాత క్యాంటీను బైరప్ప కుర్చీలు ఎత్తేస్తుంటే కూడా ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

ప్రొఫెసర్ పోస్టు రాలేదన్న ఉత్తరం ఆ శనివారం పొద్దున్నే అందినా, కొట్లాటలో మరిచేపోయారట. మరుసటి బుధవారం చొక్కా ఉతకడానికి వేస్తుంటే జేబులో దొరికిందని జోగయ్యగారు చెప్పారు.