పాప బండికి చెనిక్కాయల పరీక్ష

ఐదో తరగతి తప్పి బడి మానేసినోణ్ణి నేను. పరీక్ష పాసైన పాపాన పోలేదు గానీ, పెట్టమంటే మాత్రం ముందుంటా.

మా పాప పుట్టిన నెలలో, దాన్ని తోసే బండి కోసం కదిరికి పోయినా.

"బ్రేకు గట్టిదన్నా, కళ్ళు మూసుకొని తీస్కపో" అన్నాడు అంగడాయన.

పాపంత బరువు చెనిక్కాయల మూట ఇంటినుంచే తీస్కపోయింటి. దాన్ని బండిలో పండబెట్టి, అంగడి ముందర వాలులో బ్రేకేసి వదిలినా. బ్రేకు పట్టలేదు. బండి జారి రోడ్డు మీద బోల్తా పడింది. అప్పుడే వచ్చిన ఆటో చక్రం కింద చెనిక్కాయలు పటపటమనినాయి.

"పల్లెటూరోళ్ళకు చీర ఉయ్యాల చాల్లేప్పా" అని ఆయన ఎగతాళి.

"నవ్వుకో. అందులో పండుకునేది నా బిడ్డ. ఇంకోటి తియ్యి" అన్నా.

మూడో బండి కదల్లేదు. అదే కొన్నా.

ఇంట్లో గొప్పగా చెప్తే మా ఆవిడ అనింది: "ఏమప్పా, నిండు నెలల్లో నన్ను ఎక్కించుకొని తిప్పిన నీ మోపెడ్‌కు బ్రేకులుండాయా?"